ఎలుకల డాక్టరమ్మ

బొగ్గుబాయిలో దిగేవాళ్లకు ఎలుక ఏమవుతుందో, పైన ఎండలో తిరిగేవాళ్లకు చెబితే ఒక పట్టాన ఎక్కదు. ఇంట్లో ఎలుక కనిపిస్తే చీపురు అందుకుంటాం, బోను పెడతాం, మందు కలిపిన ఉండలు మూలమూలనా పెడతాం. అదే మనిషి, అదే చెయ్యి, భూమి కింద వెయ్యి అడుగుల లోతున టిఫిను డబ్బా మూత తీయగానే మొదటి ముద్ద పక్కకు తీసి రాతి మీద పెడుతుంది. పెట్టకపోతే ఎవరూ ఏమీ అనరు. కానీ పెట్టనివాడు ఇప్పటిదాకా ఎల్లన్నకు కనబడలేదు.

ఎల్లన్నది బాయి లోపల కప్పు కూలకుండా ఆసరాలు నిలబెట్టే పని. ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసు. పందొమ్మిదేళ్ల కిందట ఒకరోజు, పని మధ్యలో, నాలుగైదు ఎలుకలు అతని కాళ్ల మీదుగానే ఉరికాయి. ఎందుకు ఉరుకుతున్నాయో ఆలోచించలేదు. పక్కనున్న మొగిలిని చెయ్యి పట్టి లాక్కుని తానూ వాటి వెంటబడ్డాడు. ముప్పై అడుగులు పోయారో లేదో, వెనక కప్పు కూలింది. రాయి లోపలి చప్పుడు ఎలుకకు మనకంటే ముందే వినబడుతుందని పెద్దవాళ్లు అంటారు. నిజమో కాదో ఎల్లన్న విచారించలేదు. ఆ రోజు నుంచి పొద్దున్నే వినాయకుడి పటానికి దండం పెట్టుకునేటప్పుడు, ఆయన పాదాల దగ్గర కూర్చున్నదానికి విడిగా ఇంకో దండం పెడుతున్నాడు.

అలాంటి మనిషికి కూతురు కాలేజీ నుంచి ఫోన్ చేసి ఎలుకల మాట చెబితే ఎట్లా ఉంటుంది?

రాజకుమారి పశువైద్యం నాలుగో ఏడు చదువుతోంది. "బాపూ, హైదరాబాద్‌ల ఒక పెద్ద పరిశోధన సంస్థ ఉన్నది. ఎండకాలం సెలవులల్ల రెండు నెలలు నేర్చుకునేటందుకు తీసుకుంటరట. మా కాలేజీల నన్నొక్కదాన్నే పిలిచిన్రు."

"ఏం నేర్పుతరు బిడ్డా?"

"అక్కడ ఎలుకలుంటయి. వేలల్ల. వాటి పానం మంచిగున్నదా లేదా, తింటున్నయా, జరమొచ్చిందా, గవన్నీ చూసుకునేటందుకు మా అసొంటి డాక్టర్లు కావాలె."

ఎల్లన్న ఫోను ఇంకా దగ్గరగా చెవికి ఆనించుకున్నాడు. తర్వాత, "ఎలుకలకు డాక్టరా?" అన్నాడు. ఆ మాట నవ్వులా మొదలై ఏడుపులా ఆగింది. మండలంలో పశువుల దవాఖానలో కూతురు కుర్చీ వేసుకుని కూర్చుంటుందని నాలుగేళ్లుగా అనుకుంటున్న మనిషి, ఆ ఒక్క ఫోనుతో ఆ కుర్చీని మరిచిపోయాడు.

మర్నాడు ఫస్టు షిఫ్టులో తిండి వేళకు అందరికీ చెప్పేశాడు. నలుగురైదుగురు టోపీ లైట్లు వెలుగుతుండగా చుట్టూ కూర్చున్నారు. మొగిలి నమ్మలేదు.

"ఏందన్నా, ఎలుకకు జరమొస్తే మన పిల్ల నాడి పడతదా?"

"పడతది. నీ నాడి పట్టెటోడు లేడు గని, ఎలుకది పడతది."

"మరి సూదిమందు ఏడిస్తరే? దానికి చెయ్యా, నడుమా?"

"తోకకిస్తరట. పిల్లనే చెప్పింది."

అందరూ పడీపడీ నవ్వారు. నవ్వి నవ్వి మొగిలి కళ్లు తుడుచుకుంటే మొహం మీద రెండు తెల్లటి చారలు తేలాయి. తర్వాత ఎవరి డబ్బా వాళ్లు ఖాళీ చేశారు. "మంచిగైంది," అన్నాడు మొగిలి చివరికి. "ఇన్నేండ్లు గవే మనల్ని చూసినయి. ఎవ్వలో ఒక్కరన్న వాటిని చూడాలె గద." శనివారం షిఫ్టు అయిపోయి పైకి వచ్చాక అరకిలో పల్లీల పొట్లం తెచ్చి ఎల్లన్న చేతిలో పెట్టాడు. "డాక్టరమ్మకు గాదు. గా పట్నం ఎలుకలకు. మన దిక్కు నుంచి అని చెప్పు."

ఇంట్లో మాత్రం భార్య అనసూర్యకు ఈ సంగతి మింగుడు పడలేదు. ఆమె బడికి పోయింది ఐదో తరగతి దాకే. కానీ ఒక మాట విన్నదంటే దాన్ని బియ్యంలా చాటలో పోసి చెరగందే ఊరుకోదు.

"ఎలుకలకు దవాఖాననా? మొన్న మనూళ్లె బర్రె ఈనలేక సచ్చిపాయె, డాక్టరు దొరకలే. ఎలుకలకు పట్నంల డాక్టర్ల మీద డాక్టర్లా? ఎవడు పెట్టిండయ్యా గా దవాఖాన?"

"పెద్దోళ్లు పెట్టి ఉంటరు. నీకెందుకే?"

"పైసలు పెట్టి సాకెటోడు ఊకెనే సాకుతడా? కోడిని ఎందుకు సాకుతం మనం?"

"నోరు మంచిగుండాలె!" అని గదమాయించాడు ఎల్లన్న. అప్పటికి రాజకుమారి సెలవులకు ఇంటికి వచ్చి ఉంది. పక్కనే కూర్చుని చింతపండు ఈనెలు తీస్తోంది. తల్లి మాటకు తలెత్తలేదు. తండ్రి మాటకూ ఎత్తలేదు. ఎల్లన్న అది చూశాడు. పిల్ల సిగ్గుపడుతోంది అనుకున్నాడు.

పిల్లకు ఇరవై రెండేళ్లు. అయినా అక్కడి హాస్టల్లో ఉంచుకోవాలంటే తండ్రో తల్లో సంతకం చేసిన కాగితం కావాలన్నారు. ఆదివారం సాయంత్రం లోగా ఇవ్వకపోతే ఆ చోటు తర్వాతి వాళ్లకు పోతుంది. ఆ కాగితం తీసుకునే సంస్థ మేడం ఆదివారం కరెంటు ప్లాంటు కాలనీ జ్యోతినగర్‌కు వస్తోంది. పేరు ప్రసూన. వాళ్ల నాన్న గోపాలరావు ఆ ప్లాంటులో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాడు. కోస్తా నుంచి వచ్చినవాళ్లయినా ఆమె పుట్టి పెరిగింది ఇక్కడే. సెలవు మీద ఇంటికి వస్తూ, ఈ చుట్టుపక్కల పశువైద్యం చదివే పిల్లలందరినీ పిలిచి, ఈ చదువుతో పరిశోధన వైపు ఎట్లా పోవచ్చో ఒక పూట చెబుతానంది. తల్లిదండ్రులనూ తీసుకురమ్మంది.

ఎల్లన్న పెళ్లిళ్లకు వేసుకునే తెల్ల చొక్కా వేసుకున్నాడు. మోటారు సైకిలు మీద ఎండ మొహానికి కొడుతుంటే, వెనక కూర్చున్న కూతురు దారి పొడుగునా మాట్లాడలేదు. ఒక్కసారి మాత్రం, "బాపూ, నువ్వు లోపలికి రావాల్నా? బయట నీడకు కూసుంటే గూడ అయితది," అంది.

"సంతకం పెట్టెటోన్ని బయట కూసోవాల్నా? మంచిగ చెప్పినవ్!"

కాలనీ హాలు చల్లగా ఉంది. ముప్పైమంది దాకా పిల్లలు, పదిమంది పెద్దవాళ్లు. ప్రసూన గుమ్మం దగ్గరే నిలబడి అందరినీ పలకరిస్తోంది. నలభై ఐదేళ్లుంటాయి. నూలు చీర, మెడలో తాడుకు వేలాడే కళ్లజోడు.

"రండి రండి. మీరు రాజకుమారి నాన్నగారు కదూ? మీ అమ్మాయి రాసిన ఉత్తరం చూసే తీసుకున్నామండీ."

ఎల్లన్న నమస్తే పెట్టి, సంచిలోంచి పొట్లం తీసి ఇచ్చాడు. "మా బాయి వాళ్లు పంపిన్రమ్మా. పల్లీలు. మీ దగ్గరున్న ఎలుకలకు పెట్టుమన్నరు."

ప్రసూన పొట్లం వైపు చూసింది, అతని వైపు చూసింది. నవ్వాలో వద్దో తెలియలేదామెకు. "బయటి తిండి వాటికి పెట్టకూడదండీ. గ్రాములతో సహా లెక్క ఉంటుంది. ఎందుకు పంపారు?"

ఎల్లన్న చెప్పాడు. మొదటి ముద్ద సంగతి, పందొమ్మిదేళ్ల కిందటి సంగతి, తన కూతురు వాటికి వైద్యం చేయబోతోందని షిఫ్టు మొత్తం సంబరపడుతున్న సంగతి. అంతా నిలబడే చెప్పాడు. ప్రసూన మొహంలో నవ్వు మెల్లగా దిగిపోయింది. ఆమె రాజకుమారి వైపు చూసింది. రాజకుమారి కిటికీలోంచి బయటి పొగగొట్టాలను చూస్తోంది.

"పల్లీలు పిల్లలకు పంచుదాం," అంది ప్రసూన. "మీరు ముందు వరసలో కూర్చోండి. మీకు తెలియాలి."

'మీకు తెలియాలి' అన్న మాట ఎల్లన్నకు కొంచెం వింతగా తోచింది. తెలిసే కదా వచ్చాడు?

ప్రసూన మాట్లాడటం మొదలుపెట్టింది. చదువయ్యాక ఏమవుతారని పిల్లల్ని అడిగింది. సర్కారు డాక్టరు అన్నారు సగంమంది. కోళ్ల కంపెనీ అన్నారు కొందరు. హైదరాబాద్‌లో కుక్కల క్లినిక్ పెడతానని ఒకడు అంటే మిగతావాళ్లు నవ్వారు.

"మనిషికి వచ్చే జబ్బు సంగతి మనుషుల డాక్టరుకు తెలుసు," అంది ఆమె. "ఎలుక సంగతి, కుందేలు సంగతి, గొర్రె సంగతి మీకు తెలుసు. ఒక కొత్త మందు మనిషి దాకా రావాలంటే ముందు జంతువుల మీదుగా రావాలి. ఆ దారిలో జంతువు బాధ తెలిసినవాళ్లు ఉండాలి. రెండు వైపులా అర్థమయ్యే మనిషి కావాలి. ఆ మనిషి పశువైద్యుడే. మన దగ్గర ఆ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. అలాంటి పని ఒకటుందని మీ వయసులో నాకు ఎవరూ చెప్పలేదు. అందుకే వచ్చాను."

వీరేందర్ అనే పిల్లవాడు లేచాడు. "మేడం, నాలుగేండ్లు జీవాన్ని బతికిచ్చుడు నేర్చుకున్నం. గక్కడికి వస్తే మేం ఎవ్వరి డాక్టర్లం? జీవానికా, మనిషికా?"

"పద్దెనిమిదేళ్ల నుంచి అదే నన్ను నేను అడుగుతున్నానయ్యా," అంది ప్రసూన. పిల్లలు నవ్వారు. ఆమె నవ్వలేదు.

ఎల్లన్నకు ఈ మాటలు సగం ఎక్కాయి, సగం ఎక్కలేదు. ఎలుక మీదుగా మందు రావడం ఏమిటి? ఎలుకకు జబ్బు వస్తే మందు ఇస్తారు, అది మంచిగైతే అదే మందు మనిషికి ఇస్తారు. అట్లా అయి ఉంటుంది, మంచిదే, అని సర్దిచెప్పుకున్నాడు.

అప్పుడు తెర మీద ఒక బొమ్మ వచ్చింది. పక్కపక్కన రెండు చిన్న ముద్దలు. ఒకటి లేత గులాబీ రంగు. రెండోదాని మీద నల్లటి చుక్కలు, ఎవరో బొగ్గు పొడి చల్లినట్టు.

"ఇవి ఎలుక ఊపిరితిత్తులు," అంది ప్రసూన. "రెండోది ఆరు నెలలు బొగ్గుదుమ్ము పీల్చినది. దుమ్ము లోపల ఏం చేస్తుందో, దాన్ని మందుతో ఆపగలమో లేదో చూస్తున్నాం. రాజకుమారి రాబోయేది ఈ పనికే."

ఎల్లన్న ఆ ముద్దల వైపు చాలాసేపు చూశాడు. ఛాతీ ఫొటో అతనికి తెలుసు. కంపెనీ దవాఖానలో ప్లేటుకు ఆనించి నిలబెట్టి తీస్తారు. అందులో పక్కటెముకలు కనబడతాయి. ఇందులో ఎముకలేవీ? చర్మమేదీ?

లేచి నిలబడ్డాడు. "అమ్మా, గా ఎలుక బతికుండంగనే లోపల చూసిన్రా?"

"లేదండీ."

"మరి?"

"ఆరు నెలలు అయ్యాక మత్తు ఇస్తాం. నొప్పి తెలియదు. ఆ తర్వాత తీసి చూస్తాం."

"చంపిన్రు."

"అవునండీ," అంది ప్రసూన. మాట తిప్పలేదు.

హాలులో ఎవరో కుర్చీ జరిపిన చప్పుడయింది. ఎల్లన్న ఇంకా నిలబడే ఉన్నాడు.  అడగాల్సింది ఏదో ఉంది, అది నోటికి దొరకడం లేదు. దొరికిన మాటే అడిగాడు.

"దుమ్ము మీరే పీల్పిస్తరా?"

"అవును. పెట్టెలోకి కొలత ప్రకారం వదులుతాం."

"మా బాయిల ఎలుకలు ఎట్లాగూ గదే దుమ్ము పీలుస్తున్నయి గదమ్మా. పుట్టుడే దుమ్ముల పుట్టినయి. గవి ఎట్లున్నయో చూస్తే అయిపోదా? వేరేవాటిని తెచ్చి, పీల్పిచ్చి, చంపుడెందుకు?"

వెనక వరసలో పిల్లలు గొల్లున నవ్వారు. ప్రసూన చెయ్యెత్తగానే నవ్వు ఆగింది. "నవ్వకండి. మంచి ప్రశ్న," అంది. బాయి ఎలుక వయసు తెలియదని, ఏం తిన్నదో తెలియదని, దాని ఊపిరి చెడింది దుమ్ము వల్లేనని గట్టిగా చెప్పలేమని వివరించింది. ఎల్లన్న తలూపాడు. మాట అర్థమైంది. మనసుకు మాత్రం అంటలేదు.

తర్వాత ఆమె చెప్పినవేవీ అతనికి వినబడలేదు. మెల్లగా లేచి బయటికి నడిచాడు.

వరండాలో ఎండ కాళ్ల దాకా వచ్చింది. రాజకుమారి వెనకే వచ్చి, రెండు అడుగుల దూరంలో గోడకు ఆనుకుని నిలబడింది.

"ఏందిది బిడ్డా?"

"సగమే చెప్పిన బాపు. అబద్ధం చెప్పలే. వాటి పానం చూసుకునుడు నిజంగనే మా పని. నువ్వేమో ఫోన్ల ఏడ్చినంత పనిచేసినవు. గంత సంబురపడుతుంటే మిగిలిన సగం నోట్లెకెళ్లి రాలే."

"మీ అవ్వ కోడి మాటతోనే ఒక్క దమ్ముల పట్టింది. నేనే పట్టలే." అతను చొక్కా అంచుతో మొహం తుడుచుకున్నాడు. "సర్కారు నౌకరి ఉండె. బర్రెలను చూసుకుంట సుఖంగ ఉందువు. గీ పని నీకు ఎవ్వలు చెప్పిన్రు?"

 రాజకుమారి పొగగొట్టాల వైపు చూస్తూ అంది. "పొద్దుగాల నువ్వు దగ్గుతుంటే పక్క క్వార్టరోళ్లు గడియారం చూసుకోరు. ఎల్లన్న దగ్గుతున్నడు, ఐదైందని లేస్తరు. వాళ్లకు అది నవ్వులాట. నేను గా దగ్గు వినుకుంటనే చదివిన, టెన్తు, ఇంటరు, అన్నీ. గా ఉత్తరంల గూడ గదే రాసిన."

ఎల్లన్నకు కోపం వచ్చింది, కానీ అది ఎవరి మీద పెట్టాలో తెలియక చేతిలోనే ఉండిపోయింది. తనకోసమే అంటే పిల్లను ఎట్లా తిట్టడం? తనకోసమే అంటే ఎట్లా ఒప్పుకోవడం?

"నన్ను బతికిచ్చినవాటిని, నేను బతకాల్నని..." అని ఆగిపోయాడు.

"మైసమ్మకు ఏటేటా మేకను కోస్తలేమా బాపు?"

"అది వేరే."

"ఎట్ల వేరే?"

"ఎట్లేంది? దేవతకు చెప్పి కోస్తం. మేక మీద నీళ్లు చల్లి నిలబడతం. అది ఒళ్లు విదిలిస్తేనే కత్తి తీస్తం. విదిలియ్యకుంటే పొద్దుగూకేదాక అయినా ఆగుతం. పోయినేడు రెండు గంటలు నిలబడలేదా, నువ్వు గూడ ఉంటివి గద?"

"నీళ్లకు చలిపెట్టి విదిలిస్తది బాపు. ఒప్పుకునుడేం గాదు. నేను పశువుల డాక్టరును, నాకు తెల్వదా?"

"నాకు మాత్రం తెల్వదా?" అన్నాడు ఎల్లన్న. "మీ తాతకు తెల్వదా? తెలిసే ఆగుతం."

ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో అతనికే ఆశ్చర్యం వేసింది. రాజకుమారి తండ్రి వైపు తిరిగి చూసింది, ఏదో అడగబోయింది. అప్పటికి హాలులో చప్పట్లు వినబడి, తలుపు తెరుచుకుంది. ప్రసూన రెండు కాగితపు కప్పులతో టీ పట్టుకుని వచ్చింది. ఒకటి ఎల్లన్నకు ఇచ్చి, వరండా గట్టు మీద కూర్చుంది.

"కోపం వచ్చిందా అండీ?"

"కోపం గాదమ్మా. సమజ్ కాలే." టీ తాగకుండా పట్టుకుని నిలబడ్డాడు. "చంపెటప్పుడు ఎవ్వరికన్న చెప్తరా?"

ప్రసూనకు ప్రశ్న అందలేదు. రాజకుమారి మేక సంగతి చెప్పింది. ప్రసూన చివరిదాకా వింది.

"ఒక కమిటీ ఉంటుందండీ," అంది. "ఏం చేయబోతున్నామో, ఎందుకో, ఎన్ని జంతువులో, నొప్పి ఎట్లా తగ్గిస్తామో ముందే రాసి ఇవ్వాలి. వాళ్లు ఒప్పుకుంటేనే మొదలుపెట్టాలి. అందులో మాలాంటి వాళ్లే కాకుండా, సైన్సు చదవని మనిషి కూడా ఒకరు ఉండాలని నియమం. బయటి మనిషి. లోకం తెలిసిన మనిషి."

"ఆయనేం అడుగుతడు?"

ప్రసూన కప్పులోకి చూసింది. "మా దగ్గర వచ్చే ఆయన పెద్దాయన, మంచివాడు. ఇన్నేళ్లలో పెద్దగా ఏమీ అడగలేదు. మేం చెప్పేది అర్థం కాదనుకుంటా. టీ తాగి సంతకం పెడతారు."

ఎల్లన్న తన చేతిలోని టీ వైపు చూసుకున్నాడు. దాన్ని గట్టు మీద పెట్టేశాడు.

"గీ పనికి ఎన్ని ఎలుకలు?"

"రెండువందల నలభై."

"మా షిఫ్టుల గంతమందే దిగుతం," అన్నాడు అతను. "వాటికి నంబర్లుంటయా?"

"చెవికి చిన్న బిళ్ల ఉంటుంది. దాని మీద నంబరు."

"మాకు గూడ బిళ్లలుంటయి. దిగేటప్పుడు ఇస్తరు, ఎక్కినంక తీసుకుంటరు. దిగినోళ్లెందరో ఎక్కినోళ్లు గందరుండాలె. ఒక్క బిళ్ల తక్కువైతే ఎవ్వరూ ఇంటికి పోరు." కొంచెం ఆగి అడిగాడు. "రెండువందల నలభై ఎందుకమ్మా? రెండువందలు చాలవా? నూటయాభై చాలవా?"

 దగ్గరలో కొంగ ఒకటి ప్లాంటు కాలువ మీదుగా ఎగిరిపోయింది. ఆమె చూపు దాని వెంట పోయి వచ్చింది.

"అంతకుముందు వేరేవాళ్లు చేసినప్పుడు అన్ని వాడారు. మేమూ అంతే రాశాం. తక్కువతో అయ్యేదేమో. నాకు తెలీదండీ."

రాజకుమారి భయంగా తండ్రి వైపు చూసింది. ఇంత చదివిన మనిషి తెలీదంది, ఇక అయిపోయింది అనుకున్నట్టుంది.

ఎల్లన్నకు మాత్రం బాయిలో పాత సర్దార్ లింగమూర్తి కళ్ల ముందు నిలిచాడు. కొత్త చోట పని మొదలుపెట్టే ముందు, షిఫ్టు భద్రత చూసే సర్దార్ కర్రతో కప్పును తట్టి, చెవి పెట్టి వినాలి. గట్టి రాయి ఒకలా మోగుతుంది, వదులైన రాయి డొల్లగా మోగుతుంది. కొందరు సర్దార్లు రెండుసార్లు తట్టి, "ఫికర్ లేదు, పోండ్రి" అనేవారు. లింగమూర్తి ఒక్కోసారి పదిసార్లు తట్టి కూడా, "తెలుస్తలేదురా, ఆగుండ్రి" అనేవాడు. కుర్రతనంలో వాళ్లు అతన్ని పిరికివాడని వెక్కిరించేవారు. కానీ అతని షిఫ్టు అంటే ఇంటి ఆడవాళ్లు నిమ్మళంగా పడుకునేవాళ్లు.

"మా పిల్ల రాకుంటే గా రెండువందల నలభై ఆగుతయా?" అని అడిగాడు.

"ఆగవండీ. ఇంకొకరు వస్తారు."

"గా వచ్చెటోళ్లు అడుగుతరా, ఎన్ని అని?"

"చెప్పలేను."

ఎల్లన్న గట్టు మీద కూర్చుని కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. దగ్గు వచ్చింది. ఇద్దరూ అది ఆగేదాకా చూశారు. ఆ చూపు అతనికి ఇబ్బందిగా అనిపించింది. తన ఛాతీ లోపలి సంగతి తనకంటే వీళ్లిద్దరికే ఎక్కువ తెలుసన్నట్టు.

"ఇది పుణ్యమా, పాపమా?" అన్నాడు, ఎవరినీ అడిగినట్టు కాకుండా. "ఎలుకకు జరమొస్తే మందిస్తవు. మంచిగైనంక మత్తిస్తవు. నేనేమో గాడ బాయిల వాటికి ముద్ద పెట్టుకుంట ఉంటి. గిదంత ఒక్క మనిషి మోసేదేనా?"

"తెల్వది బాపు," అంది రాజకుమారి.  "నాకు పోవాల్నని ఉన్నది. పోతే ఎట్లుంటనో తెల్వది. నువ్వు వద్దంటే వద్దు."

అతను చెయ్యి చాపాడు. "కాగితం తియ్యి. చదువు. ఇంగ్లీషుల గాదు, మన మాటల చదువు. ఒక్క లైను గూడ విడువకు."

రాజకుమారి చదివింది. హాస్టల్ సంగతి, భోజనం సంగతి, ఎలుక కరిస్తే ఇంజక్షన్ సంగతి. ఎలుక కరుస్తుందన్న చోట ఎల్లన్న మొదటిసారి కొంచెం తేలికపడ్డాడు, "కరువనీ" అన్నాడు. చివరి లైను దగ్గరికి వచ్చింది. "పైన రాసినవన్నీ చదివి, అర్థం చేసుకొని, నా కూతురిని పంపడానికి ఒప్పుకుంటున్నాను."

"మళ్లొకసారి."

మళ్లీ చదివింది.

"చదివినం," అన్నాడు ఎల్లన్న. "పంపుత. గది గూడ నిజమే. నడుమ మాట కొట్టెయ్యి."

"ఏది బాపు?"

"అర్థం చేసుకొని అన్నది. నాకు అర్థం కాలే. కానిదాన్ని అయిందని రాసి సంతకం పెడితే గా టీ తాగినాయన లెక్కనే అయితది."

"అట్ల కొట్టెయ్యరు బాపు. అచ్చుల వచ్చిన కాగితం. మేడం తీసుకోరు." ఆమె ప్రసూన వైపు చూసింది.

ప్రసూన కళ్లజోడు పెట్టుకుని కాగితం అందుకుంది. ఆ లైను తనూ ఒకసారి చదువుకుంది. ఇన్నేళ్లలో ఎన్ని వందల కాగితాల మీద ఆ లైను ఆమె చేతుల మీదుగా పోయి ఉంటుందో. "కొట్టెయ్యొచ్చు," అంది. "కొట్టేసిన చోట మాత్రం పక్కన మీ పొట్టి సంతకం ఉండాలి. ఆఫీసు పద్ధతి."

రాజకుమారి ఆ మాట మీద ఒక గీత గీసింది. ఎల్లన్న కాగితాన్ని మోకాలి మీద పెట్టుకుని, బాయి హాజరు మస్టర్‌లో సంతకం పెట్టేటంత జాగ్రత్తగా, కింద పూర్తి పేరు రాశాడు. తర్వాత గీత పక్కన ఒక్క అక్షరం, చుక్క. ఇంక లేవబోతుంటే ప్రసూన, "ఒక్క నిమిషం," అని పెన్ను అడిగి తీసుకుంది.

అతని అక్షరం పక్కనే, అదే గీత చివర, తన పొట్టి సంతకం కూడా పెట్టింది.